పర్లాకిమిడి చుట్టూ సైకిల్ మీద కల్లు దారి: ఎప్పుడు వెళ్ళాలి, ఎలా తిరగాలి

వైన్ టూర్ అనగానే మనోళ్ళకి నాసిక్కే గుర్తొస్తుంది, ద్రాక్షతోట మధ్యలో టేబుల్, పొడుగు కాడ గ్లాసు, దాన్ని అటూ ఇటూ తిప్పి వాసన చూసి ఫోటో దిగడం, అదంతా బానే ఉంటుంది, డబ్బులుంటే వెళ్ళండి, ఎవరొద్దన్నారు. కానీ పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూర్ వైపు ఉన్నోళ్ళం మన పెరటి వెనకాలున్నదాన్ని వదిలేసి అంత దూరం పోవడం నాకు కొంచెం వింతగానే ఉంటుంది. చెట్టు నించి కారిన రసం దానంతటదే పులిసి తయారయ్యేదాన్ని బయటి దేశాలోళ్ళు పామ్ వైన్ అని గొప్పగా చెప్పుకుంటారు, మనం కల్లు అని ఊరుకుంటాం. ఒడిశాలోని మన గజపతి జిల్లాలో అది ఒక చెట్టుది కాదు, మూడు చెట్లది: తాడి, ఈత, కొండ మీద పెరిగే తాటి జాతి చెట్టు జీలుగు. దానికి తోడు కొండల్లో ఇప్పపువ్వు. పల్లంలో రెండు, కొండ మీద రెండు, మధ్యలో సైకిల్ తొక్కే దూరం, ఇంతకంటే ఏం కావాలి.

సైకిలే ఎందుకంటే, కల్లుకి గడియారం ఉంటుంది. తెల్లారకముందు దింపింది తియ్యగా ఉంటుంది, ఎండ మొహం చూసిందంటే నురగ కట్టి చురుకెక్కుతుంది, మధ్యాహ్నానికి పుల్లగా ఘాటుగా అయిపోతుంది, సాయంత్రం మిగిలింది ఇంచుమించు వెనిగర్ దారి పడుతుంది. చెట్టు దిగిన రెండు మూడు గంటల్లోనే దాంట్లో నూటికి నాలుగు వంతుల దాకా ఆల్కహాల్ తయారవ్వగలదు, ఎవరూ ఈస్ట్ కలపక్కర్లేదు, గాల్లోదీ కుండలోదీ చాలు. అంటే ఒకే పొద్దులో నాలుగు తోపులు తిరిగితే నాలుగు వయసుల కల్లు చూడొచ్చన్నమాట. కారు గట్ల మీదికి రాదు. బండి మీద తాగి తిరగడం నేరం. నడిచి వెళ్తే రెండో తోపు చేరేసరికే పొద్దెక్కిపోతుంది. సైకిల్ ఒక్కటే సరిగ్గా సరిపోతుంది, పైగా ఇక్కడ క్యాన్లు కట్టుకుని కల్లు మోసేవాళ్ళు కూడా సైకిళ్ళ మీదే వస్తారు కాబట్టి మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు.

ముందు నెల చూసుకోండి, మిగతాదంతా తర్వాత. ఈత కల్లు చలికాలం సరుకు, కార్తీకం దాటి చలి పట్టిన దగ్గర్నించి శివరాత్రి చుట్టుపక్కల దాకా. తాటి కల్లు ఎండాకాలం సరుకు, ఫిబ్రవరిలో మొదలై మే దాకా. ఇప్పపువ్వు మార్చి ఏప్రిల్ లో రాలుతుంది. జీలుగుకి ఇంత కచ్చితంగా నెల చెప్పడం కష్టం, ఏ చెట్టు గెల వేస్తే అప్పుడు దాని వంతు, అయినా చలికాలం నించి ఎండాకాలం దాకా కొండ మీద ఏదో ఒక చెట్టు పారుతూనే ఉంటుంది. అందుకని నన్నడిగితే ఫిబ్రవరి ఆఖరి వారం నించి మార్చి సగం దాకా వెళ్ళండి, ఈత ఆఖర్లో ఉంటుంది, తాడి మొదలై ఉంటుంది, ఇప్ప రాలడం మొదలవుతుంది, ఎండ కూడా ఇంకా మాడ్చదు. అక్టోబర్ మాత్రం వద్దే వద్దు, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబర్ లోనే వచ్చాయి, తిత్లీకి గజపతి కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు, రోడ్లు కొట్టుకుపోయాయి. మిగతా వానాకాలం కూడా దండగే, తడిసిన మాను మీద గీసేవాళ్ళు ఎక్కరు, వెళ్ళి ఖాళీ చెట్లు చూసి రావాలి.

వెళ్ళడానికి రైలే మంచిది. నౌపడా నించి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు, 1931లో దాన్ని గుణుపూర్ దాకా పొడిగించారు, మొత్తం 90 కిలోమీటర్లు. పెద్దోళ్ళు ఇప్పటికీ ఆ నేరోగేజ్ బండి కబుర్లు చెప్తారు. ఇప్పుడది బ్రాడ్ గేజ్, విశాఖపట్నం నించి గుణుపూర్ పాసింజర్ పర్లాకిమిడి మీదుగానే వెళ్తుంది. మడత సైకిల్ ఐతే సీటు కింద తోసేయొచ్చు, మామూలు సైకిల్ ఐతే ఎక్కే స్టేషన్లో లగేజీ బుక్ చేసి బ్రేక్ వ్యాన్ లో వెయ్యాలి, కాస్త ముందుగా వెళ్ళండి, చిన్న స్టేషన్లలో బండి ఆగేది నిమిషం రెండు నిమిషాలే. పర్లాకిమిడిలో బస చేసి అక్కణ్ణించి రోజుకో దిక్కు తిరిగితే సరి, సామాను మోసుకుంటూ ఊరూరా తిరగక్కర్లేదు.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను. పల్లంలో తిరగడానికి గేర్లు లేని పాత హీరో, అట్లాస్ చాలు, ఊళ్ళో సైకిల్ షాపు వాణ్ణి మంచిగా అడిగితే అద్దెకి దొరకొచ్చు కూడా. కొండ ఎక్కాలంటే మాత్రం గేర్లు, మంచి బ్రేకులు ఉండాలి, దిగేటప్పుడు బ్రేకు కట్టెలు అరిగిపోయి ఉంటే దేవుడే దిక్కు. టైరు లావుగా ఉండాలి, తాటి తోపుల్లో ఎండు మట్టలు పడి ఉంటాయి, వాటి అంచులు రంపంలా ఉంటాయి, ఈత ముళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, ట్యూబులో సూటిగా దిగిపోతాయి. కాబట్టి తోపు మొదట్లోనే దిగి సైకిల్ ని నడిపించుకుంటూ వెళ్ళండి. పంచర్ సామాను, పంపు, ఒక స్పేర్ ట్యూబు, తలకి లైటు, స్టీలు గ్లాసు, పల్చటి పాత గుడ్డ ముక్క, రెండు లీటర్ల నీళ్ళు, కొంచెం అటుకులో వేయించిన శనగలో. గుడ్డ ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు రోజు సాయంత్రమే పని మొదలుపెట్టాలి. పాతపట్నం వైపు గానీ కాశీనగరం రోడ్డు వైపు గానీ పోయి టీ కొట్టు దగ్గర కూచుని, పొద్దున్నే చెట్టు కాడ కల్లు ఎవరి దగ్గర దొరుకుతుందని అడగండి. ఇక్కడ ఒడియా కొట్టువాడైనా తెలుగు వస్తుంది, తెలుగు కొట్టువాడైనా ఒడియా వస్తుంది, భాష దగ్గర ఇబ్బంది లేదు, ఒడియాలో అడగాలనిపిస్తే తాడి అంటే కల్లు, సలప అంటే జీలుగు, మహులి అంటే ఇప్పసారా. మన వైపు చెట్టెక్కే పని తరతరాలుగా యాత, శెగిడి కులాలోళ్ళ చేతుల్లో ఉంది, ఆ పేట ఎక్కడో కనుక్కుంటే సగం పని అయిపోయినట్టే. గీసే ఆయనతో ముందే మాట్లాడి పెట్టుకోండి, చూడ్డానికి రావొచ్చా అని అడగండి, చెప్పకుండా చీకట్లో తోపులోకి లైటేసుకుని వెళ్తే దొంగనుకుంటారు, లేదా ఎక్సైజ్ వాడనుకుంటారు, రెండూ మంచిది కాదు. ఒప్పుకుంటే "నాలుగున్నరకల్లా వచ్చీ బావూ, తెల్లారినాక ఏటి చూస్తావు" అంటాడు. ఆ టైముకి వెళ్ళండి.

తాడి ఎక్కడం దగ్గర్నించి చూసి తీరాలి. నడుముకీ మానుకీ కలిపి మోకు, రెండు కాళ్ళకీ కలిపి తాడు బంధం, వెనక నడుముకి కత్తి, పక్కన ఖాళీ కుండ. మోకుని ఒక జానెడు పైకి విసరడం, దాని మీద ఒరిగి కాళ్ళు రెండూ ఒకేసారి పైకి లాక్కోవడం, మళ్ళీ మోకు, మళ్ళీ కాళ్ళు. పైన మట్టల మధ్యకి చేరాక ఒక నిమిషం ఏం కనపడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది, సర్రు సర్రుమని కత్తి చెక్కుడు. గెలల్ని కట్టగా కట్టి, కొసని రోజూ కాగితం మందాన చెక్కుతారు, అంతకంటే లావుగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, పల్చగా ఐతే నరం మూసుకుపోయి చుక్క పడదు, అసలు విద్యంతా ఆ చెక్కులోనే ఉంది. పొద్దునా సాయంత్రం చెక్కాల్సిందే, పెళ్ళున్నా చావున్నా మానడానికి లేదు, రెండు రోజులు మానితే కోసిన మొహం ఎండిపోయి చెట్టు ఆగిపోతుంది. పోతు తాడీ పెంటి తాడీ రెండూ గీస్తారు, పెంటి తాడిని గీస్తే దానికి ముంజెలుండవు, కాబట్టి ఏ చెట్టు కల్లుకి ఏ చెట్టు ముంజెలకి అన్నది ఆసామీ ముందే తేల్చుకుంటాడు. ఇవన్నీ కింద నించుని అడిగితే చెప్పరు, దిగొచ్చి బీడీ ముట్టించాక అడిగితే చెప్తారు. కిందున్నప్పుడు సరిగ్గా చెట్టు కింద నించోకండి, కత్తి గానీ మట్ట గానీ జారితే అంతే.

ఈత చెట్టు వేరే కథ. దానికి గెల కాదు గీసేది, తల కింద మెడ దగ్గర ఒక పక్క మట్టలు కొట్టేసి, మానుకే గాటు పెట్టి, దాంట్లో వెదురు పుల్ల గుచ్చి కుండ కడతారు. ఒక ఏడు ఒక పక్క, మరుసటేడు రెండో పక్క. చెట్టు పెరుగుతూ పోతుంది కాబట్టి పాత గాట్లు కింద మిగిలిపోతాయి, అటొకటి ఇటొకటి, మాను మొత్తం వంకర టింకరగా కనపడుతుంది. సైకిల్ ఆపి కింద నించి పైకి ఆ గాట్లు లెక్కపెట్టండి, ఆ చెట్టుని ఇప్పటికి ఎన్నేళ్ళు గీశారో తేలిపోతుంది. ఊళ్ళో ఏ రికార్డులోనూ దొరకని లెక్క అది. నాకైతే కోట గోడల మీద శాసనాలకంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎవరి తాత మొదలుపెట్టాడు, మధ్యలో ఎప్పుడు ఆపేశారు, అంతా మాను మీదే ఉంటుంది. ఈతని వరసగా రోజూ గీయరు, రెండు మూడు రోజులు గీసి తర్వాత కొన్ని రోజులు ఆరనిస్తారు, ఆరిన తర్వాత మొదటి రాత్రి దిగిన రసమే అన్నిట్లోకి తియ్యన, వెళ్ళే ముందు మొదటి రోజు కల్లు ఎప్పుడని కనుక్కుని దాని ప్రకారం వెళ్ళండి.

తాగడం ఒక వరసలో తాగితేనే ఈ తిరుగుడికి అర్థం. మొదట సున్నం పూసిన కుండది అడగండి, లోపల సున్నం రాస్తే రసం పులవదు, అదే నీరా, చెట్టు అసలు రుచి ఇదీ అని తెలుస్తుంది. తర్వాత అదే చెట్టుది మామూలు కుండలో దింపింది అర గ్లాసు. అక్కణ్ణించి తొక్కుకుంటూ రెండో తోపు, ఏడున్నర ఎనిమిది అయ్యేసరికి నురగ లేచి ఉంటుంది, నాలిక మీద చిటపటలాడుతుంది. తర్వాత రోడ్డు పక్క కల్లు పాకలో పదకొండుకి, ఇక్కడ పుల్లగా ఘాటుగా, పక్కన ఉప్పు చేపో గుగ్గిళ్ళో. ప్రతి చోటా అర గ్లాసు దాటొద్దు, నాలుగు చోట్ల తిరిగేసరికి అదే రెండు గ్లాసులు అవుతుంది, ఎండలో తొక్కుతున్నవాడికి అది తక్కువేం కాదు. ఒక గ్లాసు కల్లుకి రెండు గ్లాసుల నీళ్ళు, ఇది మాత్రం పట్టుబట్టి చెయ్యండి. మోటారు వాహనాల చట్టంలో తాగి నడపడం మీదున్న 185వ సెక్షన్ మోటారు బండ్లకే, సైకిల్ కి కాదు, కానీ ఆ ధీమాతో తాగి రోడ్డెక్కకండి, ఎదురుగా వచ్చే లారీకి సెక్షన్లు తెలీవు. పాకలో అయిపోయాక చింత చెట్టు కింద ఒక కునుకు తీసి, ఎండ చల్లారాక తిరిగి రండి.

ఇక ఆ గుడ్డ సంగతి. తీపికి కుండలో చీమలు, తేనెటీగలు, కందిరీగలు పడతాయి, గుడ్డ వేసి వడకట్టకపోతే పెదవి మీద కుట్టించుకుంటారు. అంతకంటే పెద్ద సంగతి గబ్బిలాలు. రాత్రుళ్ళు పెద్ద గబ్బిలాలు వచ్చి కుండల మూతి దగ్గర నాకుతాయి, బంగ్లాదేశ్ లో నిఫా వైరస్ మనుషులకి అంటుకున్న దారుల్లో పచ్చి ఈత రసం ఒకటని తేలింది. మన వైపు అలా జరిగిందని కాదు, కానీ మూతి మీద ఈత చాపో గుడ్డో కట్టి ఉన్న కుండదే తాగండి, కట్టలేదంటే ఆ రసాన్ని మరగపెట్టి ఇమ్మనండి, మరిగిన ఈత రసం బెల్లం పాకంలా ఘుమఘుమలాడుతుంది, అదీ తక్కువేం కాదు. మూడోది కల్తీ. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపిన కల్లు తాగి జనం ఆసుపత్రుల పాలవడం తెలంగాణలో ఎన్నిసార్లు వార్తల్లోకి ఎక్కిందో అందరికీ తెలుసు. చెట్టు కింద కళ్ళెదురుగా దింపింది తప్ప టౌనులో డ్రమ్ముల్లోది ముట్టకండి. ఏ సీజన్లో చెట్లు పారవో ఆ సీజన్లో కూడా కల్లు నిండుగా దొరుకుతోందంటే అది చెట్టుది కాదని అర్థం. ఇంటికి తీసుకెళ్దామని బాటిల్లో పోసి గట్టిగా మూత బిగించకండి, లోపల గ్యాస్ తయారై సైకిల్ కుదుపులకి టప్పున పేలుతుంది, బ్యాగు నిండా కల్లు.

రెండో రోజు కొండ. జీలుగు చూడాలంటే గుమ్మ, సెరంగో వైపు గానీ ఆర్. ఉదయగిరి రోడ్డు గానీ పట్టుకోవాలి, మహేంద్రగిరి వరస ఇది, శిఖరం 1501 మీటర్లు, అంత ఎత్తుకి మనం పోవక్కర్లేదు గానీ రోడ్డు ఎక్కుడే ఎక్కుడు. అలవాటు లేనివాళ్ళు సైకిల్ ని జీపు టాప్ మీదో బస్సు మీదో వేయించుకుని పైకి పోయి, దిగేటప్పుడు తొక్కండి, సిగ్గు పడేదేం లేదు. ఓపికుంటే దారిలో గండాహతి జలపాతం దగ్గర ఒక పూట ఆగొచ్చు. జీలుగు చెట్టుని గుర్తుపట్టడం తేలిక, ఆకు చేప తోకలా చీలి ఉంటుంది, గెలలు జడల్లా కిందికి వేలాడతాయి. దాని బతుకు విచిత్రం, ఏళ్ళ తరబడి ఊరికే పెరుగుతుంది, తర్వాత ఒకసారి గెల వేయడం మొదలుపెడితే పైనించి కిందికి ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తుంది, అట్టడుగు గెల అయిపోగానే చెట్టు చచ్చిపోతుంది. అంటే కల్లు పారే కాలమంతా అది పోయే కాలమే. చెట్టుని చూడగానే గెల ఎంత కిందికి వచ్చిందో చూస్తే ఇంకెన్నాళ్ళుందో కొండోళ్ళు చెప్పేస్తారు. చచ్చిన చెట్టుని కూడా వదలరు, మాను లోపలి మెత్తటి దూట నించి పిండి తీస్తారు, కరువు కాలంలో ఆ పిండి జావే దిక్కు. పండ్లని మాత్రం చేత్తో నలపకండి, దురదతో రాత్రంతా గోక్కోవాలి.

ఎక్కడం కూడా ఇక్కడ వేరు, మోకు ఉండదు, కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు వదిలేసిన ఒంటి వెదురు బొంగుని చెట్టుకి కట్టి దాన్నే నిచ్చెనలా ఎక్కుతారు. వెదురు కట్టి ఉన్న ప్రతి చెట్టుకీ ఆసామీ ఉన్నాడని లెక్క, అడవిలో ఉంది కదాని చెయ్యి వెయ్యకండి. కల్లు ఆనపకాయ బుర్రలోంచి ఆకు దొప్పలో పోసిస్తారు, ముందు రెండు చుక్కలు నేల మీద పోస్తారు, పెద్దలకి. మీరూ పొయ్యండి, ఎవరూ అడగరు గానీ గమనిస్తారు. డబ్బులు తీసుకోకపోతే బలవంతం చెయ్యొద్దు, ఉప్పో పొగాకో పిల్లలకి బిస్కెట్లో పట్టుకెళ్తే అందరికీ తేలిక. ఈ కొండల్లోని సవర గిరిజనుల ఇళ్ళల్లో గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలుంటాయి, ఎర్రమట్టి గోడ మీద తెల్లటి మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్టెక్కేవాళ్ళు. ఈ మధ్య కాలం బొమ్మల్లో సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా వచ్చేశాయి. అవి అలంకారానికి వేసినవి కాదు, పెద్దల కోసం దేవతల కోసం మొక్కుకుని వేసినవి, కాబట్టి ఇంట్లోకి దూరి ఫోటోలు తీయకండి, అడిగి, వద్దంటే ఊరుకోండి. కాగితం మీద గుడ్డ మీద అమ్మకానికి వేసేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర కొనుక్కోవచ్చు. సవర భాష రెండు ముక్కలైనా నేర్చుకుని వెళ్తే మర్యాదే వేరు. వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పంతులుగా ఉంటూ ఈ కొండోళ్ళ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఇప్పపువ్వు దగ్గర జాగ్రత్తగా వినండి. మార్చిలో తెల్లారగట్ల చెట్ల కింద ఆడవాళ్ళు పిల్లలు బుట్టలేసుకుని ఏరుతుంటారు, పువ్వు రాత్రి విచ్చి తెల్లారేసరికి రాలుతుంది, మెత్తగా, పసుపు తెలుపు మధ్య రంగు, నోట్లో వేసుకుంటే బెల్లంలా ఉండి చివర్లో ఒక రకం వగరు వాసన. ఎండబెట్టింది కిస్మిస్ లా ఏడాదంతా నిలవుంటుంది, ఉడకబెట్టుకుంటారు, గింజల నించి నూనె తీస్తారు. ఇదంతా చూడండి, పువ్వు కొనుక్కోండి. సారా మాత్రం వద్దు. నానబెట్టి పులవబెట్టి కుండ మీద కుండ పెట్టి కాచే పని ఎలా చేస్తారో పెద్దోళ్ళు నోటితో చెప్తే వినండి, కాచే చోటుకి వెళ్ళకండి, లైసెన్స్ లేకుండా కాచి అమ్మడం నేరం, రైడ్ పడితే మీరూ ఇరుక్కుంటారు. పైగా దాంట్లో ఏం కలిపారో తెలీదు, 2024 ఆగస్టులో ఇదే సరిహద్దులో గంజాం జిల్లా చికిటి దగ్గర నాటుసారా తాగి మనుషులు చచ్చిపోయారు. కల్లుకీ సారాకీ తేడా ఇక్కడే ఉంది, కల్లు పాడైతే పులుస్తుంది, నోటికే తెలిసిపోతుంది, సారా పాడైతే నోటికి తెలీదు.

ఇంకో చిక్కు సరిహద్దు. పర్లాకిమిడి ఒడిశా, పక్కనే పాతపట్నం ఆంధ్ర, మధ్యలో మహేంద్రతనయ నది, నీలమణి దుర్గమ్మ గుడికి దండం పెట్టుకుని వెనక్కి తిరిగే లోపల రాష్ట్రం మారిపోతుంది. సైకిల్ ని ఎవరూ ఆపరు గానీ బ్యాగులో సీసా ఉంటే కథ వేరు, రెండు రాష్ట్రాల ఎక్సైజ్ రూల్స్ వేరు, ఒక వైపుది ఇంకో వైపు తీసుకెళ్ళకండి, కల్లైనా సరే. 1995లో ఆంధ్రలో మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేసే దాకా ఈ సరిహద్దు రోడ్ల మీద జరిగిన తమాషాలన్నీ ఇప్పటికీ పాకల్లో కథలుగా చెప్తారు, సగం నమ్మండి చాలు. ఆంధ్ర వైపు గీత సహకార సంఘాలకీ విడిగా గీసేవాళ్ళకీ చెట్టు లెక్కన లైసెన్సులుంటాయి, చెట్ల మీద నంబర్లు కనపడితే అవే.

మూడో రోజు కాళ్ళు పట్టేసి ఉంటాయి కాబట్టి ఊళ్ళోనే ఉండండి. రాజావారి ప్యాలెస్ బయటినించి చూసి, బజార్లో తాటి బెల్లం, సీజన్ ని బట్టి ముంజెలో తేగలో తాండ్రో వెతకండి, తాగనివాళ్ళకి ఈ దారిలో దొరికేది ఇదే, నిజానికి ఇంట్లోవాళ్ళకి చూపించుకోగలిగేదీ ఇదే. తాటి బెల్లం కొనేటప్పుడు విరిచి చూడండి, లోపల కూడా నల్లగా ఉండి కొంచెం కారం లాంటి ఘాటు ఉండాలి, పంచదార కలిపింది మెరుస్తుంది. ఇంకా ఓపికుండి బరంపురం వైపు పోయేవాళ్ళు అస్కా చూడొచ్చు, 19వ శతాబ్దంలో మించిన్ అనే దొర నడిపిన చక్కెర ఫ్యాక్టరీ ఊరది, చెరకు మడ్డి నించి సారాయి బట్టీ పెట్టడం ఎలా మొదలైందో అక్కడ తెలుస్తుంది, కానీ అది ఫ్యాక్టరీ వ్యవహారం, చెట్టు లేదు, మనిషి లేడు, నాకంత ఆసక్తి లేదు.

ఎండాకాలం వెళ్ళేవాళ్ళకి చివరగా ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఒక్కసారిగా మబ్బు పట్టి ఉరుములు మొదలవుతాయి. ఒడిశాలో పిడుగులకి పోయేవాళ్ళు ఎక్కువని 2024లో ప్రభుత్వం 19 లక్షల తాటి చెట్లు నాటాలని నిర్ణయించింది, ఎందుకంటే పొలంలో అన్నిటికంటే ఎత్తున్నది తాడే, పిడుగు దాని మీద పడుతుంది. అంటే అప్పుడు మీరు దాని కింద ఉండకూడదు. ఉరుము వినపడగానే తోపులోంచి బయటికొచ్చి, సైకిల్ ని దూరంగా పడేసి, పక్కా ఇల్లో బడో చూసుకుని దూరండి, గంట ఆలస్యమైతే ఏం కాదు. తిరుగు రైలుకి సైకిల్ బుక్ చేసే ముందు చైనూ చక్రాలూ కడిగేయండి, మట్టికంటే కల్లు జిగురు ఎక్కువ పట్టుకుంటుంది, కడక్కపోతే రైలు దిగేసరికి చీమలే చీమలు, పార్సిల్ ఆఫీసులో తిట్లు అదనం.